రక్తపరీక్ష కాగితంలో కులం గడి

పదకొండేళ్ల కిందట, మా అమ్మాయికి ఎనిమిదో నెల నడుస్తుండగా, ఒక ఉదయం రెండు చేతుల వేళ్లూ ఉబ్బిపోయి కనిపించాయి. మర్నాటికి పాదాలు కూడా వాచాయి. ఎత్తుకున్నా ఏడుపే, పడుకోబెట్టినా ఏడుపే; ఒళ్లు కాలిపోతున్న జ్వరం. పాలకొండ దాపున ఉన్న మా ఊరి నుంచి మా అమ్మ వచ్చి చూసి, ‘ఏటీ నేదు, గాలి సోకింది, వాత పెట్టిద్దాం’ అన్నది. సమాజశాస్త్రం బోధించే అధ్యాపకుడిని కదా, వాత మాట ఎత్తవద్దని కోప్పడి బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆ తరువాతి నాలుగు నెలల్లో నా చదువు, హోదా, చేతిలో ఉన్న కాస్త డబ్బు ఏ మేరకు అక్కరకు వచ్చాయో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నా కులం అక్కడ ఏం చేసిందో చెప్పడానికి రాస్తున్నాను.

మొదటి డాక్టరు ఏదో పురుగు కుట్టి ఉంటుందన్నారు. రెండవ డాక్టరు ఎముకకు చీము పట్టిందేమోనని ఎక్స్‌రే తీయించి యాంటీబయోటిక్ ఇచ్చారు. వాపు పది రోజుల్లో తగ్గింది. మందు పనిచేసిందని సంతోషించాం. నెలన్నరకు మళ్లీ వచ్చింది. ఈసారి హీమోగ్లోబిన్ ఏడు దగ్గర నిలబడితే ఐరన్ టానిక్ రాశారు. కళ్లు పచ్చబడితే కాలేయ పరీక్షలు చేయించారు. కడుపు ఎడమవైపు గట్టిగా తగులుతోందని స్కానింగుకు పంపారు. పరీక్షల కాగితాల దొంతర పెరుగుతూ పోయింది, బిడ్డ బరువు మాత్రం పెరగలేదు. ప్రతి కాగితమూ ఇది కాదు, అది కాదు అని చెప్పేదే. జబ్బు పేరు తెలియని రోజుల్లో తల్లిదండ్రులు పడే యాతన ఒక వింత యాతన. చెడ్డ పేరైనా సరే, ఏదో ఒక పేరు దొరికితే బాగుండునని మొక్కుకునే స్థితి అది.

మూడో ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, తల ఎత్తకుండానే రెండు ప్రశ్నలు అడిగారు. మేనరికమా అన్నారు. కాదన్నాం. మీది ఏజెన్సీయా అన్నారు. నేను వెంటనే, ‘కాదండీ, మాది మైదానం’ అని, ఆయన అడగకపోయినా మా కులం పేరు కూడా చెప్పాను. వ్యవసాయం చేసుకునే ఒక బీసీ కులం మాది. ఆయన తల ఊపి, రాయబోతున్న ఒక పరీక్షను కొట్టివేసి మరొకటి రాశారు. కొట్టివేసిన ఆ పరీక్ష పేరు హీమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరెసిస్ అని నాకు తరువాత తెలిసింది. ఆయన తప్పు ఎంత ఉన్నదో ఉండనీయండి. తరగతి గదిలో శ్రేణీకృత అసమానత గురించి అంబేడ్కర్ ఏమన్నారో గంటల తరబడి చెప్పే నాకు, ‘మేము కొండవాళ్లం కాము’ అని చెప్పడానికి ఎందుకంత తొందర కలిగింది? జబ్బుపడ్డ బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూడా నేను ఆ మెట్టు మీదనే కూర్చున్నాను.

అదే వార్డులో మా పక్క మంచం మీద ఒక సవర తల్లి, ఆమె ఒళ్లో ఏడాది లోపు మగబిడ్డ. సీతంపేట కొండల నుంచి వచ్చారు. ఆ బిడ్డ చేతులు కూడా మా అమ్మాయి చేతుల్లాగే వాచి ఉన్నాయి. ఆమెను చూడగానే ఎవరూ మరో ప్రశ్న వేయలేదు, మొదటి రోజునే సికిల్ సెల్ పరీక్షకు రక్తం తీశారు. నాలుగు నెలలు తిరిగినా నా బిడ్డకు అందని పరీక్ష ఆమె బిడ్డకు ఒక్క పూటలో అందింది. అయితే నన్ను ‘సార్, కూర్చోండి’ అన్న సిబ్బందే ఆమెను ‘ఇలా రా, అక్కడ నిలబడు, ఇన్నాళ్లూ ఏం చేశావు’ అన్నారు. ఫలితం వచ్చిన రోజున ఒక నర్సు ఆమెకు, ‘మీవాళ్లందరికీ ఉండేదేలే, రక్తం ఎక్కించాలి, మీ ఆయన్ని పిలు’ అని మాత్రం చెప్పింది. అది ఏమి జబ్బో, ఎందుకు వచ్చిందో, రేపు ఏం చేయాలో చెప్పిన మనిషి లేడు. చెప్పినా, ఆమెకు వచ్చిన తెలుగులో సంతలో బేరమాడేంత మాత్రమే ఉంది. గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ప్రతి ఆగస్టు 29న ఆయన విగ్రహానికి పూలదండ వేసే జిల్లాలో, సవర భాషలో ఒక జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పగల మనిషిని ఆసుపత్రిలో కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

కులం ఆమెకు పరీక్షను ఇచ్చి మర్యాదను లాక్కుంది. నాకు మర్యాదను ఇచ్చి పరీక్షను లాక్కుంది. ఇద్దరి బిడ్డలూ నష్టపోయారు. ఆమె నష్టమూ నా నష్టమూ సమానమని అనడం లేదు. నాకు సెలవు ఉంది, అప్పు పుట్టింది, విశాఖపట్నం వెళ్లగలిగాను.

అక్కడ ఇంకా పీజీ చదువుతున్న ఒక యువ డాక్టరు మా కాగితాలు చూసి, కులమూ ఊరూ అడగకుండానే, ‘చేతులు ఎప్పుడు వాచాయి? రెండు వైపులా వాచాయా?’ అని మాత్రం అడిగారు. రక్తం ఎక్కించడానికి ఏర్పాట్లు జరుగుతుంటే ఆపి, ముందు నమూనా తీయమన్నారు. వేరొకరి రక్తం ఎక్కించాక పరీక్ష చేస్తే ఆ రక్తదాత హీమోగ్లోబిన్ కలిసిపోయి ఫలితం తికమకపెడుతుంది. ఈ సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలో పరీక్ష చేశారు; తరువాత నాకూ నా భార్యకూ చేశారు. నాలో కొడవలి కణ జన్యువు ఒకటి ఉంది. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన నా భార్యలో బీటా థలసీమియా జన్యువు ఒకటి ఉంది. మేమిద్దరం ఆరోగ్యవంతులమే. ఆ రెండూ కలిసి మా బిడ్డకు సికిల్ బీటా థలసీమియా అయింది. ‘మేము కొండవాళ్లం కాము’ అన్న మనిషి రక్తంలోనే ఆ జన్యువు ఉన్నది.

ఇంట్లో ఆ తరువాత జరిగింది రాయకపోతే ఇది సగం కథే అవుతుంది. ఫలితం రాకముందు బంధువులందరూ నా భార్య వైపు చూశారు. ‘మా వంశంలో ఇలాటిది నేదు’ అన్న మాట పదిసార్లు విన్నాను. ఫలితం వచ్చాక, మా తాతల కాలంలో కొండ నుంచి ఎవరైనా కోడలు వచ్చిందా అన్న తవ్వకం మొదలైంది. ఒకరు ఒక ముత్తవ్వ పేరు చెప్పారు, మరొకరు అది అబద్ధమని కొట్టిపారేశారు. నా తోబుట్టువులలో ఒకరు తప్ప మిగిలినవారు ఈ రోజుకూ పరీక్ష చేయించుకోలేదు. వారికి భయం జబ్బు గురించి కాదు. పిల్లల సంబంధాల గురించి.

విజ్ఞానశాస్త్రం చెప్పేది ఇంత గందరగోళంగా లేదు. ఎర్ర రక్తకణంలోని హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఆరవ స్థానంలో ఒక అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి రావడమే ఈ జబ్బుకు మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు కణం కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. పుట్టిన బిడ్డలో గర్భస్థ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కనుక మొదటి నాలుగైదు నెలలు ఏమీ తెలియదు. అది తగ్గే కొద్దీ చేతులు పాదాలు వాయడం, రక్తం తగ్గడం, కామెర్లు, ప్లీహం ఉబ్బడం మొదలవుతాయి. మామూలు సాల్యుబిలిటీ పరీక్షను ఆరు నెలల లోపు పసిబిడ్డల విషయంలో నమ్మలేకపోవడానికి కారణం కూడా ఇదే. ఒక జన్యువు మాత్రమే ఉన్న వాహకులు రోగులు కారు. వాహకులకు మలేరియా తీవ్రరూపం దాల్చకుండా కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ అలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికా పరిశోధనల ద్వారా చూపించారు. అంటే ఈ జన్యువు నడిచిన దారి దోమ నడిచిన దారి. అది ఆఫ్రికాలో ఉంది, అరేబియాలో ఉంది, గ్రీసులో ఉంది, సిసిలీలో ఉంది. నాగావళి, వంశధార లోయలలో కొండకూ మైదానానికీ మధ్య దోమ ఎన్నడూ గీత గీయలేదు. ఏజెన్సీ సరిహద్దు గీత ప్రభుత్వం గీసినది.

అయినా మొదటి నుంచీ ఈ జబ్బుకు జాతి ముద్ర పడింది. 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ తొలిసారి వర్ణించిన రోగి గ్రెనడా దీవి నుంచి చదువుకోవడానికి వచ్చిన నల్లజాతి విద్యార్థి. ఆ తరువాత అమెరికాలో అది ‘నల్లవారి జబ్బు’ అయిపోయింది. మన దేశంలో 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి గిరిజనులలో దీన్ని గుర్తించారు. అదే సంవత్సరం అస్సాం తేయాకు తోటల వలస కూలీలలోనూ బయటపడింది. అలా ఇక్కడ అది ‘గిరిజనుల జబ్బు’ అయింది. తరువాతి దశాబ్దాలలో విదర్భలో దళితులలోనూ, కుణబీ, తేలీ వంటి వెనుకబడిన కులాలలోనూ కనిపించింది. ముద్ర మాత్రం మారలేదు.

ముద్ర ఎంత పక్షపాతంతో పడుతుందో తెలియడానికి మరొక ఉదాహరణ మన ముందే ఉంది. తెలుగు నేల మీద వైశ్యులలో కొందరికి ఒక ఎంజైము లోపం వారసత్వంగా వస్తుంది. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందు వారికి ప్రాణాంతకం కావచ్చు. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరగడమే దీనికి కారణమని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రస్తావించింది. మన మత్తు డాక్టర్లకు ఈ సంగతి తెలుసు. మర్యాదగా అడుగుతారు, వేరే మందు వాడతారు, అంతటితో సరి. ‘మీవాళ్లందరికీ ఉండేదేలే’ అని ఏ నర్సూ ఏ షాహుకారుతోనూ అనదు. కులాన్ని బట్టి వైద్య సమాచారం అడగడం నేరమేమీ కాదు. అడిగే గొంతులో ఎవరికి ఎంత గౌరవం ఉందన్నదే ప్రశ్న. అంబేడ్కర్ 1916లో కొలంబియాలో సమర్పించిన పత్రంలో కులానికి సారం అంతర్వివాహమే అని తేల్చారు. నూరేళ్ల తరువాత జన్యుశాస్త్రం అదే మాటను రక్తనమూనాలలో చదివింది. ఆ లెక్కన జన్యు వ్యాధుల భారం మోయని కులం ఈ దేశంలో లేదు. కొందరి భారానికి జబ్బు అని పేరు, కొందరి భారానికి జాతి లక్షణం అని పేరు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలనీ, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలనీ లక్ష్యం. గిరిజనులలో ప్రతి 86 జననాలలో ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటుందని కేంద్రమే చెబుతున్నది. కనుక గిరిజన ప్రాంతాల మీద ముందుగా దృష్టి పెట్టడం న్యాయమే. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, పాచిపెంటలలో పరీక్షా శిబిరాలు జరగడాన్ని తప్పుపట్టేవారితో నేను కలవను. ‘అందరికీ’ అన్న మాటను అడ్డుపెట్టుకుని సవరల, జాతాపుల వాటాను మైదానానికి మళ్లించే ఎత్తుగడ మన రాజకీయాలకు కొత్త కాదు.

కానీ పరీక్ష ఒక్కటే వైద్యం కాదు. 1970ల అమెరికా అనుభవం మన విద్యార్థులు తప్పక చదవాలి. బ్లాక్ పాంథర్ పార్టీ 1971లో తమ పేటలలో తామే ఉచిత పరీక్షలు మొదలుపెట్టింది. ప్రభుత్వం కదిలింది, 1972లో నిక్సన్ చట్టం మీద సంతకం చేశారు. ఆ ఊపులో అనేక రాష్ట్రాలు నల్లవారికి పరీక్షలను నిర్బంధం చేశాయి. వాహకునికీ రోగికీ తేడా చెప్పకుండా చేశాయి, ఫలితాన్ని గోప్యంగా ఉంచకుండా చేశాయి. ఆరోగ్యవంతులైన వాహకులకు ఉద్యోగాలు పోయాయి, బీమా కంపెనీలు మొహం చాటేశాయి. వైమానిక దళ అకాడమీ వాహకులను 1981 దాకా చేర్చుకోలేదు. పరిస్థితిని మార్చినది ఒక చవకైన మందు. పసిపిల్లలకు రోజుకు రెండుసార్లు నోటి ద్వారా పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతకమైన న్యుమోకాకల్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గుతాయని 1986లో తేలింది. ఫలితం ఎంత స్పష్టంగా ఉన్నదంటే ఆ పరిశోధనను అనుకున్న గడువుకంటే ముందే ఆపివేశారు. దానితో పరీక్షకు ఒక అర్థం ఏర్పడింది: ముందుగా తెలిస్తే బిడ్డ బతుకుతుంది. మరుసటి ఏడే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సభ, జాతితో నిమిత్తం లేకుండా పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలని సిఫారసు చేసింది. చర్మం రంగు చూసి ఎంపిక చేస్తే కొందరు బిడ్డలు తప్పిపోతారని వారు గ్రహించారు. నా బిడ్డ తప్పిపోయింది సరిగ్గా ఆ సందులోనే.

మన మిషన్‌లో నన్ను కలవరపెట్టేది కార్డుల వ్యవహారం. పరీక్ష చేయించుకున్నవారికి వారి జన్యు స్థితి తెలిపే కార్డులు ఇస్తున్నారు. పెళ్లికి ముందు అబ్బాయి కార్డు, అమ్మాయి కార్డు పోల్చి చూసుకోమని సలహా. జాతకాలు కలపడం మూఢనమ్మకమని చెప్పి, రక్తం కలిపే కార్డు చేతిలో పెడుతున్నాం. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నలుగురు పిల్లల్లో ఒకరికి వచ్చేస్తే మిగతా ముగ్గురూ క్షేమం అని దీని అర్థం కాదు. ఈ తేడా నాతోటి అధ్యాపకులకే రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. అంత సూక్ష్మమైన సంగతిని రెండు నిమిషాల శిబిరంలో కార్డు చేతిలో పెట్టి పంపితే ఊళ్లో మిగిలేది ‘ఫలానా పిల్లకు రక్తం మంచిది కాదట’ అన్న మాటే. అబ్బాయి కార్డు మీది మచ్చ కట్నంతో పోతుంది. అమ్మాయి కార్డు మీది మచ్చ పోదు. మా ఇంట్లో మొదట నా భార్య వైపు తిరిగిన చూపులను నేను మరచిపోలేదు. ఆ కార్డు ఎవరి దగ్గర ఉండాలి, ఎవరు అడగవచ్చు, హాస్టల్ వార్డెనో ఉద్యోగమిచ్చే యజమానో అడిగితే ఏం చేయాలి అన్న నిబంధనలను ముందుగా, గట్టిగా రాయాలి.

చేయవలసిన పనులు పెద్ద ఆదర్శాలేమీ కావు. ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో, అంటే శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యంలలో, ప్రభుత్వ ఆసుపత్రులలో పుట్టే ప్రతి బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి పరీక్షించాలి. ఆ కాగితంలో కులం గడి అవసరం లేదు. జబ్బు తేలిన బిడ్డకు పెన్సిలిన్, ఫోలిక్ ఆమ్లం, టీకాలు, పెద్దవుతుంటే హైడ్రాక్సీయూరియా తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నెలనెలా దొరకాలి; దాని కోసం డోలీ కట్టుకుని కొండ దిగి, బస్సెక్కి, జిల్లా కేంద్రానికి రాకూడదు. సవర, కువి మాట్లాడే యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రులలో జీతమిచ్చి కూర్చోబెట్టాలి. సికిల్ సెల్ రోగులకు రాష్ట్రంలో 2020లో మొదలైన నెలకు 10,000 రూపాయల పింఛను మంచి పని. అయితే జబ్బు తేలనివారికి పింఛను ఎలా అందుతుంది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది, ఉద్యోగ రిజర్వేషన్ వర్గాలలో మాత్రం చేర్చలేదు. మన విద్యార్థి సంఘాలు ఈ విషయం మీద ఒక్క ధర్నా చేసినట్టు నాకు గుర్తు లేదు. 1967 లేవిడి నుంచి భూమి గురించి, అడవి గురించి ఎంత పోరాడిన నేల ఇది! పసిబిడ్డ రక్తం కూడా రాజకీయమేనని ఇక్కడి ఉద్యమాలకు కొత్తగా చెప్పవలసి రావడం విచారకరం.

మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి చదువుతోంది. రోజూ హైడ్రాక్సీయూరియా వేసుకుంటుంది, నీళ్ల సీసా లేకుండా బయటికి కదలదు, చలికాలంలో రెండు మూడు రోజులు నొప్పితో మెలికలు తిరుగుతుంది. ఆ సవర తల్లి, మేము విశాఖపట్నం బయలుదేరడానికి ముందు రోజు రాత్రి, ఎవరికీ చెప్పకుండా బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది. తెల్లవారి సిబ్బంది ‘వీళ్లంతే’ అన్నారు. నేను కూడా ఆ మాటకు తల ఊపాను. ఆ బిడ్డకు పరీక్ష ఫలితం మా అమ్మాయికంటే ముందే తెలిసింది. మందు ఏ రోజుకైనా అందిందో లేదో కనుక్కోవాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు.